ప్రాణం నిలిపినవారిని పతకం ఎలా కనుక్కుంటుంది?

ఏటా జనవరి 25 సాయంత్రం ఢిల్లీ నుంచి జాబితాలు వరసగా వస్తాయి. పద్మ పురస్కారాలు, సైనికుల శౌర్య పతకాలు, పోలీసు, అగ్నిమాపక సిబ్బంది పతకాలు. తెల్లారేసరికి మన రాష్ట్రాల పద్మ గ్రహీతల ఫొటోలు మొదటి పేజీకెక్కుతాయి. వాటి వెంటే వచ్చే ఇంకో చిన్న జాబితా మాత్రం చాలామంది కంట పడదు. అది జీవన్ రక్షా పదక్ గ్రహీతలది. వరదలో కొట్టుకుపోతున్నవారిని ఒడ్డుకు చేర్చినవారు, మంటల్లోంచి మనుషుల్ని లాక్కొచ్చినవారు, కరెంటు షాక్ కొట్టినవారిని విడిపించినవారు అందులో ఉంటారు. కొన్ని పేర్ల పక్కన ‘మరణానంతరం’ అన్న మాట ఉంటుంది.

ఇటీవలి సంవత్సరాల్లో ఈ జాబితాలో పేర్లు ముప్పై నుంచి యాభై పైచిలుకు వరకు ఉంటున్నాయి. దేశంలో ఒక్క నీట మునిగే ఏటా ముప్పై వేల మందికి పైగా చనిపోతున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలు చెబుతున్నాయి. అన్ని చావులు జరిగే చోట, చావు అంచు దాకా వెళ్లి ఎవరో ఒకరి చేయి అందుకుని వెనక్కి వచ్చినవారు ఎన్ని వేల మంది ఉండాలి? ఆ చేయి అందించినవారు ఏమైపోతున్నారు? ఈ పతకాన్ని గురించి ఆలోచించినప్పుడల్లా నన్ను వదలని ప్రశ్న ఇదే. మన దేశంలో ధైర్యవంతులకు కొరత లేదు. వాళ్లను కనుక్కునే ఏర్పాటుకే కొరత.

ముందు పతకం సంగతి. కేంద్ర ప్రభుత్వం దీన్ని 1961 సెప్టెంబరు 30న నెలకొల్పింది. అప్పటికే అశోక చక్ర వరస ఉంది. యుద్ధభూమిలో కాకుండా వేరేచోట చూపిన సాహసానికి ఇచ్చేది అది, పౌరులకూ ఇవ్వొచ్చు. 1986 సెప్టెంబరు 5న కరాచీ విమానాశ్రయంలో, హైజాకర్ల తుపాకుల నడుమ అత్యవసర ద్వారం తెరిచి ప్రయాణికుల్ని బయటికి పంపి, పిల్లలకు అడ్డంగా నిలబడి తూటాలకు బలైన నీర్జా భనోత్‌కు దక్కింది అశోక చక్రమే. అయితే ఆ స్థాయి సామాన్యులకు అందేది కాదు. కాలవలో పడ్డ పక్కింటి బిడ్డ కోసం దూకిన మనిషిని కూడా దేశం గుర్తుపెట్టుకోవాలంటే వేరే పతకం కావాలి. అలా అశోక చక్ర వరసకు ఉపశాఖగా వచ్చింది జీవన్ రక్షా పదక్.

ఇందులో మూడు మెట్లున్నాయి. కాపాడినవారి ప్రాణానికే అతి పెద్ద ముప్పు ఉంటే సర్వోత్తమ్, పెద్ద ముప్పు ఉంటే ఉత్తమ్, తీవ్రంగా గాయపడే ప్రమాదం ఉంటే జీవన్ రక్షా పదక్. నగదు వరసగా 2 లక్షలు, లక్షన్నర, లక్ష రూపాయలు. పతకం మీద అభయహస్తం ఉంటుంది, దానితోపాటు కేంద్ర హోంమంత్రి సంతకం చేసిన పత్రం ఇస్తారు. ఆడా మగా తేడా లేదు, ఎవరైనా అర్హులే. సైనికులు, పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది అయితే విధుల్లో భాగంగా కాకుండా చేసిన సాహసానికే ఇస్తారు. ఘటన జరిగిన రెండేళ్లలోగా సిఫారసు ఢిల్లీ చేరాలి. అవార్డుల కమిటీ చూసి, ప్రధాని, రాష్ట్రపతి ఆమోదం అయ్యాక పేర్లు ప్రకటిస్తారు. పతకాన్ని మాత్రం ఆ తర్వాత వీలు చూసుకుని గ్రహీతకు సంబంధించిన రాష్ట్ర ప్రభుత్వమో, శాఖో అందజేస్తుంది. ఈ చివరి ముక్క నాకు మింగుడుపడదు. పద్మ గ్రహీత రాష్ట్రపతి భవన్ మెట్లెక్కుతాడు. సొంత ప్రాణాన్ని పణంగా పెట్టిన మనిషి పతకం ఫైళ్ల వెంట తిరిగి తిరిగి జిల్లాకు చేరుతుంది.

ఇలాంటి పతకాలు ఎలా పుట్టాయో చూస్తే ఒక సంగతి తేలుతుంది. చాలావాటి వెనక ఒక పెద్ద ప్రమాదం ఉంది. బ్రిటన్‌లో 1866లో పెట్టిన ఆల్బర్ట్ మెడల్ మొదట సముద్రంలో ప్రాణాలు కాపాడినవారికే. 1877లో వేల్స్‌లోని టైనివిడ్ బొగ్గుగనిలోకి నీళ్లు దూసుకొచ్చి కార్మికులు చిక్కుకుపోయినప్పుడు తోటివాళ్లు రోజుల తరబడి బొగ్గును తొలుచుకుంటూ వెళ్లి వాళ్లను బయటికి తీశారు. నేల మీద చూపిన సాహసానికీ ఆ పతకాన్ని వర్తింపజేసింది ఆ తర్వాతే. గనుల కోసమే 1907లో ఎడ్వర్డ్ మెడల్ వచ్చింది. 1940లో లండన్ మీద బాంబులు కురుస్తున్నప్పుడు, కూలిన ఇళ్ల కిందనుంచి మనుషుల్ని తీస్తున్న మామూలు పౌరుల కోసం ఆరో జార్జి రాజు జార్జ్ క్రాస్ నెలకొల్పాడు. యుద్ధంలో ఇచ్చే విక్టోరియా క్రాస్‌తో సమానమైన గౌరవం దానిది. అమెరికాలో 1904 జనవరిలో హార్విక్ గని పేలి 179 మంది పోయారు. వాళ్లకోసం లోపలికి వెళ్లిన ఇద్దరూ తిరిగి రాలేదు. ఆ ఇద్దరి సంగతి విని కదిలిపోయిన ఆండ్రూ కార్నెగీ 50 లక్షల డాలర్లతో హీరో ఫండ్ పెట్టాడు. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

గనుల మాట ఇన్నిసార్లు రావడం కాకతాళీయం కాదు. నేల కింద చిక్కిన మనిషికోసం దిగడమంటే ఏమిటో సింగరేణి పల్లెల్లో పుట్టినవారికి వేరే చెప్పనక్కర్లేదు. 2003 జూన్‌లో గోదావరిఖని ఏడో నంబరు ఎల్ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయిన రోజులు ఆ ప్రాంతం మరిచిపోలేదు. సర్వోత్తమ్ జీవన్ రక్షా పదక్ చరిత్రలో అందరికీ తెలిసిన పేరు కూడా గనిదే. 1989 నవంబరు 13 వేకువన పశ్చిమ బెంగాల్‌లోని రాణీగంజ్ దగ్గర మహావీర్ గనిలోకి నీళ్లు విరుచుకుపడ్డాయి. లిఫ్టుకు దగ్గరగా ఉన్నవారు ఎలాగో పైకొచ్చారు. 71 మంది లోపలే ఉండిపోయారు, వారిలో ఆరుగురు మునిగిపోయారు. మిగిలిన 65 మంది గనిలో కాస్త ఎత్తైన చోట చేరారు. కిందనుంచి నీళ్లు పెరుగుతున్నాయి.

కోల్ ఇండియాలో మైనింగ్ ఇంజినీరు జస్వంత్ సింగ్ గిల్ ఒక ఉపాయం చెప్పాడు. పైనుంచి బోరు వేసి, అందులోంచి ఒక మనిషి పట్టేంత ఉక్కు గొట్టాన్ని దించి, ఒక్కొక్కరినీ పైకి లాగడం. జర్మనీ గనుల్లో 1955లో, 1963లో ఇలాంటి గొట్టాలు వాడి కార్మికుల్ని తీశారు. మన దగ్గర అప్పటికప్పుడు స్థానిక వర్క్‌షాపులో తయారు చేయించారు. ఎత్తు ఏడడుగుల పైచిలుకు, వెడల్పు రెండడుగుల లోపు. అందులో మనిషి నిలబడితే మోచేతులు కదపడానికి చోటుండదు. బోరు గోడకు రాసుకుంటూ దిగాలి, తాడు మెలిపడితే గొట్టం గిరగిరా తిరుగుతుంది. అది మధ్యలో ఇరుక్కుంటే కిందివాళ్ల ఆశ కూడా దానితోపాటే ఇరుక్కున్నట్టు. అధికారులు వద్దన్నా గిల్ తానే దిగాడు. కింద భయంతో ఒకర్నొకరు తోసుకునే పరిస్థితి రాకుండా వరస పెట్టాడు, గాయపడ్డవారిని ముందు పంపాడు. 65 మందినీ ఒక్కొక్కరినే పైకి పంపి అందరికన్నా ఆఖరున తాను వచ్చాడు. నవంబరు 16 ఉదయానికి పని ముగిసింది. 1991లో రాష్ట్రపతి ఆర్. వెంకట్రామన్ చేతుల మీదుగా ఆయన పతకం అందుకున్నారు. 2019లో పోయారు. ఆయన కథ మీద హిందీ సినిమా వచ్చాకే చాలామందికి ఈ పతకం ఒకటుందని తెలిసింది.

గిల్ కథలో నాకు ముఖ్యంగా తోచేది తెగింపు ఒక్కటే కాదు. ఆయనకు పని తెలుసు. కొలత తెలుసు, బోరు ఎక్కడ వేయాలో తెలుసు, కింద జనాన్ని ఎలా అదుపు చేయాలో తెలుసు. ధైర్యానికి నైపుణ్యం తోడైతేనే 65 ప్రాణాలు దక్కాయి. మన పతకం నియమాలు ముప్పునే కొలబద్దగా పెట్టుకున్నాయి. అది సబబే, ముప్పు లేనిచోట సాహసం అనే మాటకు అర్థం లేదు. కానీ దానివల్ల ఒక అన్యాయం కూడా జరుగుతోంది. ఈత సరిగా రాని కుర్రాడు ఒక్కసారి దూకితే అతని ప్రాణానికి ముప్పు ఎంతో కళ్లకు కడుతుంది. ముప్పై ఏళ్లుగా రేవులో ఉండి మునిగిపోయేవాళ్లను తీస్తున్న గజ ఈతగాడి విషయంలో మాత్రం ‘అతనికి అలవాటేగా’ అంటారు. బాసరలో, భద్రాచలంలో, రాజమండ్రి పుష్కర ఘాట్‌లో, కృష్ణా బ్యారేజీ కింద ఇలాంటివాళ్లు ఉంటారు. హుసేన్‌సాగర్ గట్టు మీదే బతుకుతూ, నీళ్లలోకి దూకినవారిని తీసుకొచ్చే ఈతగాళ్ల గురించి పత్రికల్లో అప్పుడప్పుడూ చదువుతుంటాం. అలవాటైనంత మాత్రాన నది మెత్తబడదు. మునిగేవాడు మెడ పట్టుకుంటే ఎంతటి ఈతగాడైనా కిందికి పోతాడు. అన్నిసార్లు పోగుచేసుకున్న ముప్పును కొలిచే గళ్లు మన దరఖాస్తులో లేవు.

2023 నవంబరులో ఉత్తరాఖండ్ సిల్‌క్యారా సొరంగంలో 41 మంది చిక్కుకున్నప్పుడూ ఇదే చూశాం. పెద్ద యంత్రం విరిగిపోయాక ఆఖరి కొద్ది మీటర్లు చేతులతో తవ్వి దారి చేసింది పన్నెండు మంది రాట్‌హోల్ గని కార్మికులు. ఎలుక కన్నంలా ఇరుకు దారుల్లో తవ్వే ఆ పద్ధతిని గనుల్లో 2014లోనే నిషేధించారు. నిషేధించిన పనిలో నేర్చిన చేతివాటమే ఆ రోజు అక్కరకొచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం మనిషికి 50 వేల రూపాయల చెక్కు ఇచ్చింది. తమ పనికి తగిన గౌరవం అది కాదని వాళ్లు బాహాటంగానే బాధపడ్డారు. వాళ్ల పక్షాన నేనూ బాధపడ్డాను.

ఒక్కరిని వెతికి పట్టుకోవడమే కష్టమైనచోట ఊరు ఊరంతా కదిలితే పతకం ఎవరికి? 2019 సెప్టెంబరు 15న గోదావరి వరద మీదుంది. పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన పర్యాటక బోటు కచ్చులూరు దగ్గర సుడిలో తిరగబడింది. ఎవరి సైరనూ మోగకముందే తూటుగుంట గిరిజనులు తమ పడవలు వేసుకుని ఆ సుడుల మధ్యకే వెళ్లారు. నీళ్లలో తేలుతున్నవారిలో 26 మందిని లాక్కొచ్చారు. ఒంటిమీద తడిబట్టలతో వణుకుతున్నవారికి పొడిబట్టలిచ్చారు. బోటును తీయడానికి తర్వాత నెలకు పైగా పట్టింది. కాకినాడ ధర్మాడి సత్యం బృందం నదితో కుస్తీపట్టి దాన్ని ఒడ్డుకు తెచ్చింది. ఆ పడవల్లో వెళ్లినవాళ్లలో ఎవరు ఎక్కువ ధైర్యవంతుడని పోటీ పెట్టడం అనవసరం. 1942లో మాల్టా ద్వీపం మొత్తానికి జార్జ్ క్రాస్ ఇచ్చారు. 2021లో బ్రిటన్ ఆరోగ్య సేవా వ్యవస్థకు ఇచ్చారు. మన పతకం కూడా ఒక ఊరి పేరు రాసుకునేలా మారాలి. తూటుగుంట పంచాయతీ ఆఫీసు గోడ మీద ఆ పతకం ఉంటే, ఆ ఊరి పిల్లలు రోజూ దాన్ని చూస్తూ పెరుగుతారు. 2018 వరదల్లో తమ పడవల్ని లారీల మీద ఎక్కించుకుని మునిగిన ఊళ్లకు వెళ్లి వేల మందిని కాపాడిన కేరళ మత్స్యకారుల విషయమూ అంతే.

ఇక అన్నిటికన్నా బరువైన విషయం, కాపాడబోయి పోయినవారిది. 2015 నవంబరు 26న కోజికోడ్‌లో మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కార్మికులు పైకి రాలేదు. ఇద్దరూ ఆంధ్రప్రదేశ్ నుంచి పొట్టచేతపట్టుకుని వెళ్లినవారు. దగ్గర్లో ఉన్న ఒక ఆటోడ్రైవరు అరుపులు విని పరిగెత్తుకొచ్చి లోపలికి దిగాడు. ఆ ఇద్దరి పేర్లూ అతనికి తెలియవు, భాషా తెలియదు. ముగ్గురూ చనిపోయారు. కేరళ ప్రభుత్వం అతని కుటుంబానికి సాయం, భార్యకు ఉద్యోగం ప్రకటించింది. ఆ సాయం మీద కూడా మతం పేరుతో ఒక నాయకుడు నోరు పారేసుకుంటే ఆ రాష్ట్ర ప్రజలే గట్టిగా బుద్ధి చెప్పారు. మన మనుషుల కోసం ప్రాణమిచ్చిన ఆ మలయాళీ గురించి తెలుగునాట ఎంతమందికి తెలుసు?

మ్యాన్‌హోల్ చావులు జంటలుగా, ముగ్గురుగా జరగడానికి కారణముంది. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. ఎక్కువైతే ముక్కు ఆ వాసన పట్టడమే మానేస్తుంది. రెండు మూడు శ్వాసల్లో మనిషి స్పృహ తప్పుతాడు. పైనున్నవాడికి కనిపించేది కాలు జారి పడ్డ మనిషే, అందుకే వెంటనే దిగుతాడు. అతనూ అంతే. చెరువుల్లోనూ ఇదే తంతు. ఒకరిని కాపాడబోయి ఇంకొకరు, ఆ ఇద్దరికోసం మూడోవాడు. వేసవి సెలవుల్లో, వినాయక నిమజ్జనం రోజుల్లో జిల్లా ఎడిషన్లలో ఇలాంటి వార్త కనిపించని ఏడాది ఉండదు. పతకం ఇచ్చేటప్పుడు ప్రభుత్వం ఆ త్యాగాన్ని పొగడటంతో ఆగకూడదు. ఆ మనిషి బతికి బయటపడటానికి అక్కడ ఏం ఉండాల్సిందో కూడా రాతపూర్వకంగా చెప్పాలి. తాడు, గాలి ఊదే బ్లోయరు, ముఖానికి ఆక్సిజన్, పైనుంచి లాగే ట్రైపాడ్. మనుషుల్ని మురుగులోకి దించకూడదని 2013 చట్టం చెబుతోంది. చనిపోతే 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మనిషిని తీయబోయి పోయినవాడి ఇంటికి కూడా అంతకు తక్కువ కాకుండా అందాలని నా అభిప్రాయం.

తెలివైన ధైర్యానికి ఉదాహరణ కావాలంటే తమిళనాడు పెరంబలూరు జిల్లా కొట్టరై చెక్‌డ్యాం దగ్గరికి వెళ్లాలి. 2020 ఆగస్టు మొదట్లో నలుగురు కుర్రాళ్లు లోతైన నీళ్లలో మునిగిపోతున్నారు. బట్టలుతికి ఇంటికి బయల్దేరుతున్న ముగ్గురు ఆడవాళ్లు ఒంటిమీది చీరలు విప్పి ముడేసి వాళ్లవైపు విసిరారు. ఇద్దరు ఆ కొంగు పట్టుకుని బయటపడ్డారు, ఇద్దరు దక్కలేదు. నలుగురు చూస్తున్న గట్టు మీద చీర విప్పడానికి ఆ క్షణంలో కావాల్సిన ధైర్యం నీళ్లలో దూకేదానికి ఏమాత్రం తీసిపోదు. రెండు వారాలు తిరక్కుండానే, ఆగస్టు 15న తమిళనాడు ప్రభుత్వం వాళ్లకు కల్పనా చావ్లా అవార్డు ఇచ్చింది. తల్చుకుంటే ప్రభుత్వం ఎంత వేగంగా కదలగలదో దీన్నిబట్టి తెలుస్తుంది.

పిల్లలకిచ్చే సాహస పురస్కారాల గురించి నాకు రెండు మనసులున్నాయి. 1957 అక్టోబరు 2న ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో నెహ్రూ కూర్చున్న షామియానాకు నిప్పంటుకుంటే, పద్నాలుగేళ్ల స్కౌట్ ఒకడు కర్ర మీదికెక్కి తన కత్తితో మండుతున్న గుడ్డను కోసిపడేశాడు. బాలల సాహస పురస్కారాలకు నాంది అదే. మన మెదక్ జిల్లా మాసాయిపేటలో 2014 జులైలో కాపలాలేని రైల్వేగేటు దగ్గర రైలు బడిబస్సును ఢీకొట్టినప్పుడు తోటిపిల్లలిద్దరిని కాపాడిన చిన్నపాపకు తర్వాత గీతా చోప్రా అవార్డు వచ్చింది. ఆ పాపను ఎంత మెచ్చుకున్నా తక్కువే. అయినా ఎనిమిదేళ్ల పిల్ల వీరవనిత కావాల్సి వచ్చిందంటే అక్కడ గేటు లేకపోవడమే అసలు సంగతి. పిల్లలకు నేర్పాల్సింది బావిలో దూకడం కాదు. గట్టు మీదనుంచే వెదురుబొంగు అందించడం, తాడు విసరడం, మూతబిగించిన ఖాళీ నీళ్ల డబ్బా వేయడం, గట్టిగా అరవడం. ఇవి నేర్పితే పురస్కారాలు తగ్గినా ప్రాణాలు నిలుస్తాయి.

మనిషిని కాపాడటానికి భయం నీళ్లూ నిప్పూ వల్లనే కలగదు. రోడ్డు మీద రక్తం మడుగులో ఉన్నవాడి దగ్గర ఆగితే పోలీస్‌స్టేషన్ చుట్టూ తిరగాల్సి వస్తుందన్న భయం ఏళ్ల తరబడి జనాన్ని రాళ్లను చేసింది. 2016లో సుప్రీంకోర్టు, 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షను ఆ భయాన్ని చట్టం లెక్కన తీసేశాయి. గంటలోపు ఆస్పత్రికి చేర్చినవారికి 2021లో 5 వేల రూపాయల బహుమతి పెట్టారు, 2025లో దాన్ని 25 వేలు చేశారు. డబ్బుకన్నా విలువైంది, సాయపడ్డవాణ్ని ‘నువ్వెవరు, నీకేం పని’ అని అడగకూడదని చెప్పడం.

ఇప్పుడు కార్నెగీ ఫండ్ దగ్గరికి వస్తాను. వాళ్లదీ రెండేళ్ల గడువే. ఉద్యోగధర్మంగా చేసినవారికి వాళ్లూ మామూలుగా ఇవ్వరు. తేడా ఎక్కడంటే, ఎవరైనా ఒక ఉత్తరం రాస్తే చాలు, ఆ తర్వాత వాళ్ల పరిశోధకులే సాక్షుల్ని పలకరించి వివరాలు పోగుచేస్తారు. కాపాడటం కుదరకపోయినా కాపాడబోయినవారినీ లెక్కలోకి తీసుకుంటారు. చనిపోయినవారి మీద ఆధారపడినవారికి, వికలాంగులైనవారికి ఆర్థిక సాయం కొనసాగిస్తారు, పిల్లల చదువుకూ తోడ్పడతారు. మన దగ్గర సర్వోత్తమ్ పతకం నగదు ఒక్కసారి ఇచ్చేస్తే అక్కడితో సరి. ఇంటిపెద్ద పోయిన కుటుంబానికి 2 లక్షలు ఎన్నాళ్లొస్తాయి?

మన దగ్గర ఫైలు కదలాలంటే ఎవరో ఒకరు రాయాలి. చదువుకున్న బంధువు, చొరవగల సర్పంచి, పట్టించుకునే ఎస్సై ఉంటే సిఫారసు కలెక్టరు దాకా, అక్కణ్నుంచి సచివాలయం దాకా వెళ్తుంది. లేకపోతే లేదు. దీనికి మూలం ఒకటే. మరణానికి మన వ్యవస్థలో కాగితం పుడుతుంది. శవపంచనామా ఉంటుంది, పోస్ట్‌మార్టం ఉంటుంది, కేసు నంబరు ఉంటుంది. దక్కిన ప్రాణానికి ఏ కాగితమూ పుట్టదు. కాపాడబోయి పోయినవాడిది మరీ దారుణం. అతని పంచనామాలోనూ ‘నీట మునిగి మృతి’ అనే రాస్తారు. కాలు జారి పడ్డవాడికీ, తెలిసి దూకినవాడికీ ఆ కాగితం మీద తేడా ఉండదు. గణాంకాల్లో ఇద్దరూ ఒకే అంకెలో కలిసిపోతారు.

దీన్ని సరిచేయడానికి కొత్త శాఖలేమీ అక్కర్లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ ఇవాళ ఊరూరికీ వెళ్తోంది, ప్రతి కేసుకూ ఒక రికార్డు రాస్తోంది. అంబులెన్సు చేరేసరికే బాధితుణ్ని నీళ్లలోంచో మంటల్లోంచో బయటికి తెచ్చింది ఎవరన్న గడి ఒకటి అందులో చేర్చాలి. పేరు, ఊరు, ఫోను నంబరు చాలు. పంచనామాలో ‘ఇంకొకరిని కాపాడబోయి’ అన్న ఒక వాక్యం రాయడం ఎస్సై బాధ్యత కావాలి. నెలకోసారి ఆ పేర్లన్నీ కలెక్టరు బల్ల మీదికి రావాలి. సిఫారసు రాసే పని అక్కణ్నుంచి ప్రభుత్వానిదే, ఆ మనిషిది కాదు. పంపినవాటిలో ఢిల్లీ ఎన్నింటిని ఒప్పుకుంది, ఎన్నింటిని ఎందుకు తిప్పిపంపిందీ జిల్లా వెబ్‌సైటులో పెట్టాలి. ఎంపిక కానివారికీ జిల్లా తరఫున ఆగస్టు 15 పరేడ్ మైదానంలో, ఊరివాళ్ల ముందు పత్రం ఇవ్వాలి. ఏటా ఆ రోజున ఉత్తమ ఉద్యోగుల పేర్లు చదువుతూ గంటలు గడుపుతారు. ఆ వరసలో ఒక జాలరికి, ఒక ఆటోడ్రైవరుకు చోటు దొరక్కపోదు.